రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య చదువు: ఇంటర్‌డిసిప్లినరీ మాస్టర్స్, పీహెచ్‌డీల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గణాంకశాస్త్రానికీ ప్రజారోగ్యానికీ మధ్య పడే ఒక ప్రశ్న మీద నేను పీహెచ్‌డీ చేశాను. అప్పటి నుంచి ఈ దారిలోకి రావాలనుకునే విద్యార్థులు ఏదో ఒక రూపంలో ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. వాళ్లకు విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. పేర్లు, నిబంధనలు యూనివర్సిటీని బట్టి మారతాయి. చిక్కులు మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే.

ఇంటర్‌డిసిప్లినరీ అంటే రెండు సబ్జెక్టులు చదవడమేనా?

కాదు. రెండు సబ్జెక్టులను పక్కపక్కన పెట్టుకుని దేనికది చదివితే దాన్ని మల్టీడిసిప్లినరీ అంటారు. ఒక శాస్త్రంలో పుట్టిన ప్రశ్నకు ఇంకో శాస్త్రం సాయం లేకుండా జవాబు దొరకనప్పుడు, ఆ రెండింటినీ కలిపి పని చేయించడం ఇంటర్‌డిసిప్లినరీ.

నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ రొనాల్డ్ రాస్. ఆయన డాక్టరు. మలేరియా దోమల ద్వారా సోకుతుందని తేల్చినందుకు 1902లో నోబెల్ వచ్చింది. అంతవరకూ అది వైద్యం, జీవశాస్త్రం. ఆ తర్వాత ఆయన ముందుకు ఇంకో ప్రశ్న వచ్చింది. దోమలన్నింటినీ చంపడం ఎవరివల్లా కాదు కదా, మరి మలేరియాను ఆపడం సాధ్యమేనా? దానికి జవాబు మైక్రోస్కోపులో కనిపించదు. రాస్ గణితం పట్టుకున్నాడు. మనుషులతో పోలిస్తే దోమల సంఖ్య ఒక హద్దు కంటే కిందికి దిగితే చాలు, చివరి దోమ దాకా చంపక్కర్లేదు, జబ్బు తనంతట తానే తగ్గుముఖం పడుతుందని సమీకరణాలతో చూపించాడు. దోమ గురించి ఏమీ తెలియని గణితజ్ఞుడికి ఆ సమీకరణంలో ఏం పెట్టాలో తెలిసేది కాదు. గణితం చేతిలో లేని డాక్టరుకు ఆ హద్దు కనిపించేది కాదు. మీ ప్రశ్న కూడా ఇలాంటిదేనా అని ముందు చూసుకోండి.

ఎన్ని రకాల దారులు ఉంటాయి?

చాలామంది ఇదేదో ఒకే రకం కోర్సు అనుకుంటారు. నిజానికి పెద్ద రీసెర్చ్ యూనివర్సిటీల్లో నాలుగైదు దారులు ఉంటాయి. ఏ దారిలో వెళ్లారన్నదాన్ని బట్టి తర్వాతి ఐదారేళ్ల జీవితం మారిపోతుంది.

అన్నింటికంటే తేలికైనది ఒక డిపార్ట్‌మెంట్‌లోనే ఉంటూ పక్క సబ్జెక్టులో మైనర్ గానీ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ గానీ చేయడం. సాధారణంగా మూడు నుంచి ఐదు కోర్సులతో అయిపోతుంది. మీ డిగ్రీ పేరు మారదు, గైడ్ మారరు. చరిత్రలో పీహెచ్‌డీ చేస్తూ డేటా సైన్స్ సర్టిఫికెట్ తీసుకోవడం ఇలాంటిదే. ఇంకో సబ్జెక్టు పనిముట్టుగా చాలు అనుకునేవాళ్లకు ఇది సరిపోతుంది.

రెండోది, పుట్టుకే ఇంటర్‌డిసిప్లినరీగా పుట్టిన ప్రోగ్రాములు. షికాగో యూనివర్సిటీలో కమిటీ ఆన్ సోషల్ థాట్ 1941 నుంచి ఉంది. తత్వశాస్త్రం, సాహిత్యం, చరిత్ర, రాజనీతి మధ్య గోడలు లేకుండా అక్కడ పీహెచ్‌డీ ఇస్తారు. బర్క్‌లీలో ఎనర్జీ అండ్ రిసోర్సెస్ గ్రూప్ 1973లో మొదలైంది. ఇంజినీరింగ్, ఆర్థికశాస్త్రం, పర్యావరణం చదివినవాళ్లు అక్కడ ఒకే గదిలో కూర్చుంటారు. మెదడునూ కంప్యూటింగ్‌నూ కలిపి కాల్‌టెక్ 1986లో కంప్యూటేషన్ అండ్ న్యూరల్ సిస్టమ్స్ ప్రోగ్రామ్ పెట్టింది. ఇలాంటిచోట మీరు వేరే సబ్జెక్టు నుంచి వచ్చారని ఎవరూ వింతగా చూడరు. అక్కడ అందరూ ఎక్కడి నుంచో వచ్చినవాళ్లే.

మూడోది రెండు డిగ్రీలు కలిపి చేయడం. డాక్టర్లు పరిశోధకులు కూడా కావడానికి ఎండీ-పీహెచ్‌డీ ఉంది. అమెరికాలో దీనికి ప్రభుత్వమే 1964 నుంచి ఒక శిక్షణ పథకం కింద నిధులు ఇస్తోంది. హార్వర్డ్, ఎంఐటీ కలిసి 1970లో మొదలుపెట్టిన హెల్త్ సైన్సెస్ అండ్ టెక్నాలజీ ప్రోగ్రామ్‌లో ఇంజినీర్లు వైద్య విద్యార్థులతో కలిసి చదువుతారు, ఆస్పత్రి వార్డుల్లోకి కూడా వెళ్తారు.

నాలుగోది మీ డిగ్రీని మీరే అల్లుకోవడం. దీన్ని ఇండివిడ్యువలైజ్డ్ పీహెచ్‌డీ అనో, అలాంటి ఇంకో పేరుతోనో పిలుస్తారు. కోర్సులు మీరే ఎంచుకుంటారు, మీ పరిశోధనను పరిశీలించే ప్రొఫెసర్ల కమిటీని మీరే పోగుచేస్తారు, ఇది ఇప్పుడున్న ఏ డిపార్ట్‌మెంట్‌లోనూ ఎందుకు ఇమడదో ప్రతిపాదన రాసి గ్రాడ్యుయేట్ స్కూల్‌ను ఒప్పిస్తారు. వినడానికి ఎంతో బాగుంటుంది. మీకంటూ బ్యాచ్ ఉండదు, సీనియర్లు ఉండరు, ముందు నడిచినవాళ్ల అడుగులు ఉండవు. చాలాచోట్ల మొదటి ఏడాది ఏదో ఒక డిపార్ట్‌మెంట్‌లో చదివాకే దీనికి దరఖాస్తు చేయనిస్తారు. ఆ నిబంధన మంచిదే.

చివరిదానికి ప్రత్యేకంగా పేరేమీ లేదు. మామూలుగా ఒక డిపార్ట్‌మెంట్‌లో చేరి, ఇంకో డిపార్ట్‌మెంట్ నుంచి ఒకరిని కో-గైడ్‌గా పెట్టుకుని, రెండింటి మధ్య పడే మీ ప్రశ్న మీద థీసిస్ రాయడం. బ్రోచర్లలో ఇది కనిపించదు. నన్నడిగితే ఎక్కువమందికి సరిపడే దారి ఇదే. సొంత ఇల్లు ఒకటి ఉంటుంది, పక్కింటికి రాకపోకలూ ఉంటాయి.

డ్యూయల్ డిగ్రీ, జాయింట్ డిగ్రీ ఒకటేనా?

సాధారణంగా డ్యూయల్ అంటే రెండు పట్టాలు, జాయింట్ అంటే ఇద్దరు కలిసి ఇచ్చే ఒకే పట్టా. కానీ అన్ని యూనివర్సిటీలూ ఈ మాటలను ఒకేలా వాడవు. పేరు చూసి ఆగకుండా రెండు సంగతులు అడగండి: చివర్లో చేతికి ఎన్ని పట్టాలు వస్తాయి, ఒకే కోర్సు క్రెడిట్లను రెండింటికీ లెక్కలోకి తీసుకుంటారా. రెండోదానికి జవాబు 'లేదు' అయితే మీరు కడుతున్నది పూర్తిగా రెండు డిగ్రీల ఫీజు, పెడుతున్నది రెండు డిగ్రీల కాలం.

నేను చదివింది ఒకటి, వెళ్లాలనుకునేది ఇంకోటి. నన్ను తీసుకుంటారా?

తీసుకుంటారు. వెంకీ రామకృష్ణన్ 1976లో పీహెచ్‌డీ చేసింది ఫిజిక్స్‌లో. ఆ తర్వాత జీవశాస్త్రం మీద మనసు పోతే, పీహెచ్‌డీ పట్టా చేతిలో ఉండగానే మళ్లీ విద్యార్థిగా చేరి రెండేళ్లు బయాలజీ చదివారు. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణం మీద చేసిన పనికి 2009లో ఆయనకు వచ్చింది కెమిస్ట్రీ నోబెల్. జెఫ్రీ హింటన్ డిగ్రీ సైకాలజీలో, పీహెచ్‌డీ కృత్రిమ మేధలో, 2024లో వచ్చిన నోబెల్ ఫిజిక్స్‌లో. హెర్బర్ట్ సైమన్ పీహెచ్‌డీ రాజనీతిశాస్త్రంలో. కంప్యూటర్ సైన్స్‌కు ఇచ్చే ట్యూరింగ్ అవార్డు 1975లోనూ, ఆర్థికశాస్త్ర నోబెల్ 1978లోనూ ఆయనకే వచ్చాయి.

వీళ్లలో నాకు ఎక్కువ నచ్చేది రామకృష్ణన్ మళ్లీ విద్యార్థి కావడం. కొత్త సబ్జెక్టు పునాది కోర్సుల్లో మీకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చుని మొదటి నుంచి నేర్చుకోవడానికి సిద్ధపడితే అడ్మిషన్ కమిటీకి అది అర్థమవుతుంది. దరఖాస్తు పంపేలోపే ఒకటి రెండు పునాది కోర్సులు పూర్తి చేసి మంచి గ్రేడ్ చూపించగలిగితే, 'నాకు ఆసక్తి ఉంది' అని పేజీ నిండా రాసిన దానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

మాస్టర్స్ సరిపోతుందా, పీహెచ్‌డీ కావాలా?

రెండు రంగాల మధ్య ఉద్యోగం కావాలంటే మాస్టర్స్ చాలు. మీరు వెతుకుతున్న జవాబు ఇంకా ప్రపంచంలో ఎవరి దగ్గరా లేకపోతేనే పీహెచ్‌డీ. యూరప్‌లో 2004లో మొదలైన ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి మాస్టర్స్‌లు కూడా చూడండి. అక్కడ ఒకే ప్రోగ్రామ్‌ను వేర్వేరు దేశాల యూనివర్సిటీలు కలిసి నడుపుతాయి, స్కాలర్‌షిప్‌లు కూడా ఉంటాయి.

ఇద్దరు గైడ్లు ఉంటే ఇబ్బంది కాదా?

అవుతుంది. అయినా ఇద్దరూ ఉండాలి. ఈ ప్రశ్నకు కాస్త నిదానంగా జవాబు చెబుతాను, ఎందుకంటే పీహెచ్‌డీలు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

నా మొదటి కమిటీ మీటింగ్ బాగా గుర్తుంది. జబ్బు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎలా పాకుతుందో చెప్పే నా 'మోడల్' గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. జీవశాస్త్రం ప్రొఫెసర్ ఏ జంతువు మీద చేశావని అడిగారు. ఆ రంగంలో మోడల్ అంటే మనిషి జబ్బును పోలిన జబ్బు తెప్పించిన ఎలుక. గణాంకశాస్త్రం ప్రొఫెసర్‌కు మోడల్ అంటే సమీకరణం, అందులో ప్రాబబిలిటీ ఎక్కడ ఉందని ఆయన వెతుకుతున్నారు. ప్రజారోగ్యం నుంచి వచ్చిన ఆవిడ దాన్ని కార్యక్రమం అనుకున్నారు, ఫలానా జిల్లాలో బాగా నడిచిన మోడల్ అంటాం కదా, అలా. దాదాపు నలభై నిమిషాలు నలుగురం నాలుగు వస్తువుల గురించి మాట్లాడుకున్నాం. చివరికి ఆవిడే లేచి బోర్డు మీద ఆ మాట రాసి, దాని కింద నాలుగు గీతలు గీసి, ఎవరి అర్థం వాళ్లు రాయండి అని మార్కర్ అందరికీ అందించారు. ఆ రోజు నుంచి నా నోట్‌బుక్ వెనక పేజీల్లో అలాంటి మాటల పట్టిక మొదలుపెట్టాను. 'సిద్ధాంతం', 'రుజువు', 'పక్షపాతం', 'ముఖ్యమైన తేడా' లాంటివి చేరుతూ చేరుతూ థీసిస్ అయ్యేసరికి మూడు పేజీలు నిండాయి. మీరూ మొదటి రోజు నుంచే ఒకటి పెట్టుకోండి.

ఇద్దరు గైడ్లలో ఒకరిని ప్రధాన గైడ్‌గా కాగితం మీద రాయించుకోవడం మరిచిపోవద్దు. సంతకం ఎవరిది, సెలవు ఎవరిని అడగాలి, మీ పనితీరు నివేదిక ఎవరు రాస్తారు అనేది తేలిపోవాలి. ఇద్దరినీ విడివిడిగా కలుస్తూ ఉంటే ఒకరు చెప్పింది ఇంకొకరికి మోసే పని మీ నెత్తిన పడుతుంది. నెలకు ఒకసారైనా ముగ్గురూ కలిసి కూర్చునేలా చూసుకోండి. అరగంట చాలు. మీటింగ్ అవగానే ఏం అనుకున్నామో నాలుగు లైన్లు రాసి ఇద్దరికీ ఈ-మెయిల్ పంపండి. ఏడాది తర్వాత 'ఇలా చేయమని నేను అనలేదే' అన్న మాట వచ్చినప్పుడు ఆ నాలుగు లైన్లే మిమ్మల్ని కాపాడతాయి.

ఇద్దరి మధ్యా పొసగదని తెలిస్తే ఎంత పెద్ద పేరున్నవాళ్లైనా వదులుకోండి.

స్టైపెండ్ ఎవరు ఇస్తారు?

అడ్మిషన్ లెటర్ వచ్చిన సంతోషంలో ఈ ప్రశ్న అడగడం మరిచిపోతారు. డబ్బు సాధారణంగా మూడు చోట్ల నుంచి వస్తుంది: ఫెలోషిప్, గైడ్ ప్రాజెక్టు నిధులు, క్లాసులు చెప్పినందుకు వచ్చే టీచింగ్ అసిస్టెంట్‌షిప్. ఫెలోషిప్ మీ పేరు మీద ఉంటుంది కాబట్టి మీతోనే వస్తుంది. ప్రాజెక్టు నిధులు ప్రాజెక్టుతో ముగిసిపోతాయి. టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌లు డిపార్ట్‌మెంట్ల చేతిలో ఉంటాయి, డిపార్ట్‌మెంట్ ముందు తన విద్యార్థులకే ఇచ్చుకుంటుంది. సొంతంగా డిగ్రీ క్లాసులు నడపని ఇంటర్‌డిసిప్లినరీ ప్రోగ్రామ్‌లో చేరితే చెప్పడానికి క్లాసులే ఉండకపోవచ్చు. అందుకే మొదటి ఏడాది డబ్బు గురించి కాకుండా మూడో ఏడాది, నాలుగో ఏడాది గురించి అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

కూర్చునే చోటు గురించి కూడా అడగండి. నా మొదటి సెమిస్టర్ అంతా రెండు డిపార్ట్‌మెంట్లూ నాకు డెస్క్ పక్కవాళ్లు ఇచ్చి ఉంటారనే అనుకున్నాయి. పుస్తకాలు బ్యాగులో మోసుకుంటూ లైబ్రరీలో కూర్చునేదాకా వచ్చింది. డెస్క్ లేకపోవడంకంటే, పక్క డెస్కు వాళ్లు టీ తాగుతూ మాట్లాడుకునే సంగతులు నా చెవిన పడకపోవడం నన్ను ఎక్కువ వెనక్కి లాగింది. ఏ ప్రొఫెసర్ దగ్గర నిధులున్నాయి, ఏ పరీక్షలో ఏం అడుగుతారు, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి.

క్వాలిఫయింగ్ పరీక్ష ఏ సబ్జెక్టులో రాయాలి?

థీసిస్ పనిలోకి పూర్తిగా దిగే ముందు పాసవ్వాల్సిన పరీక్ష ఇది. డిపార్ట్‌మెంట్‌లో ఉంటే డిపార్ట్‌మెంట్ పరీక్షే, మిగతావాళ్లలాగే. ఇంటర్‌డిసిప్లినరీ ప్రోగ్రామ్‌లో చాలాసార్లు మీ పరిశోధన ప్రతిపాదనే పరీక్ష అవుతుంది. నలుగురు ప్రొఫెసర్లు నాలుగు వైపుల నుంచి ప్రశ్నలు వేస్తారు. ఎవరు ఏ పరిధిలో అడుగుతారో, ఏ పుస్తకాలు చదివి రావాలో కనీసం రెండు నెలల ముందే ఒక్కొక్కరి దగ్గర రాయించుకోండి. ఆ జాబితా లేకపోతే చదవడానికి అంతు ఉండదు.

మామూలు పీహెచ్‌డీ కంటే ఎక్కువ కాలం పడుతుందా?

పట్టవచ్చు, అదీ పరిశోధన మొదలయ్యే ముందే. అదనపు కోర్సులు ఒక కారణం. మనుషుల నుంచి సమాచారం సేకరించే పనైతే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ల్యాబ్ సైన్స్ నుంచో ఇంజినీరింగ్ నుంచో వచ్చినవాళ్లకు ఇది కొత్త, దరఖాస్తు వెనక్కి వచ్చినప్పుడు గానీ దాని సంగతి తెలియదు. నెలలు పట్టే పని అది. మొదటి ఏడాదిలోనే కదిలించండి.

పేపర్లు ఎక్కడ వేయాలి? పేర్ల వరుస ఎలా?

ఒక్కో రంగానికి ఒక్కో ఆచారం. కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద కాన్ఫరెన్స్‌లో పేపర్ వస్తే అదే గొప్ప, జీవశాస్త్రంలో జర్నల్‌లో రావాలి, చరిత్రలో చివరికి పుస్తకం కావాలి. జీవశాస్త్రంలో మొదటి పేరు పని చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబ్ నడిపేవాళ్లది. ఆర్థికశాస్త్రంలోనూ గణితంలోనూ ఎక్కువగా అక్షరక్రమంలో రాస్తారు. మీ ఇంటి పేరు అక్షరమాలలో చివర్లో ఉండి, జీవశాస్త్రవేత్తలతో కలిసి ఆర్థికశాస్త్రం జర్నల్‌లో పేపర్ వేశారనుకోండి. మీ పేరు చివర చూసి, ల్యాబ్ అధిపతి మీరేనని జీవశాస్త్రం వాళ్లు అనుకోవచ్చు. పని మొదలుపెట్టక ముందే పేర్ల సంగతి, జర్నల్ సంగతి తేల్చుకోండి. పేపర్ రాశాక ఈ మాట ఎత్తితే అందరికీ కష్టంగా ఉంటుంది.

రెంటికీ చెడ్డ రేవడి అవుతానేమో?

ఈ భయం ఉండాల్సిందే. లేనివాళ్ల గురించే నాకు టెన్షన్.

ప్రొఫెసర్ ఉద్యోగాలు ఇచ్చేది డిపార్ట్‌మెంట్లు. వాటికి తమ పునాది కోర్సు చెప్పగల మనిషి కావాలి. మీ పట్టా మీద ఏ పేరున్నా, 'వచ్చే సెమిస్టర్ ఫలానా క్లాసు చెబుతారా?' అంటే తడుముకోకుండా చెబుతాను అనగలగాలి. దానికి ఒక్కటే మార్గం: రెండింట్లో ఒకదాన్ని పూర్తి లోతుకు దిగి నేర్చుకోవాలి. ఆ సబ్జెక్టు వాళ్లు మిమ్మల్ని తమ మనిషిగానే లెక్కపెట్టేంత. రెండోదాంట్లో అక్కడి వాళ్ల పేపర్ చదివి తప్పు పట్టగలిగేంత వస్తే చాలు. రెండూ సగం సగం వచ్చినవాళ్లు థీసిస్ అయితే పూర్తి చేయగలరు, ఆ తర్వాత ఇంటర్వ్యూల్లో నలిగిపోతారు. అలా నలిగిన తెలివైనవాళ్లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పరిశ్రమలో, ప్రభుత్వ సంస్థల్లో, ఆస్పత్రుల్లో పరిస్థితి వేరు. పట్టా మీది పేరు కంటే ఏ సమస్య తీర్చారన్నదే అక్కడ అడుగుతారు. రెండు రకాల మనుషుల మధ్య మాట కుదర్చగలిగినవాళ్లకు అక్కడ విలువ ఎక్కువ.

నాకు ఈ దారి అక్కర్లేదని ఎలా తెలుస్తుంది?

మీకు ఒక సబ్జెక్టు విసుగొచ్చి రెండోది చూస్తుంటే, ఆగండి. రెండోది కూడా విసుగొస్తుంది. మీ ప్రశ్నకు జవాబు పక్క డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్‌తో ఒక మధ్యాహ్నం కూర్చుంటే దొరికేదైతే, దానికి డిగ్రీ అవసరం లేదు, ఆ మధ్యాహ్నం చాలు. చాలా ప్రశ్నలు అలాంటివే.

చేరాక మధ్యలో మారవచ్చా?

మొదటి రెండేళ్లలో, క్వాలిఫయింగ్ పరీక్షకు ముందు, ఎక్కువచోట్ల వీలవుతుంది. ల్యాబ్ రొటేషన్ ఉన్న ప్రోగ్రామ్ అయితే మొదటి ఏడాదిలో రెండు మూడు ల్యాబ్‌ల్లో కొన్ని వారాల చొప్పున పని చేసి చూసుకోవచ్చు. ఆ తర్వాత మారడం మీ గైడ్ మంచితనం మీద, డబ్బు ఎవరిదన్న దాని మీద ఆధారపడుతుంది. కొన్ని ప్రోగ్రాముల్లో మధ్యలో మాస్టర్స్ పట్టాతో బయటికి రావచ్చు, ఆ వీలు ఉందో లేదో చేరేముందే చూసుకోండి.

దరఖాస్తుకు ముందు ఎవరితో మాట్లాడాలి?

మూడో ఏడాదో నాలుగో ఏడాదో చదువుతున్న విద్యార్థులతో. కొత్తగా చేరినవాళ్లకు ఇంకా ఏమీ తెలియదు, ప్రోగ్రామ్ డైరెక్టర్ మంచి మాటలే చెబుతారు. ఆ విద్యార్థుల్ని ఇవి అడగండి: మీ డెస్క్ ఎక్కడ? ఈ ఏడాది మీ స్టైపెండ్ ఎక్కడి నుంచి వచ్చింది? ఇద్దరు గైడ్లూ ఒకే గదిలో చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు?

తర్వాత ఇద్దరు ప్రొఫెసర్లకు ఒక్కొక్కరికి విడిగా ఈ-మెయిల్ రాయండి. పది లైన్లు మించొద్దు. మీ ప్రశ్న ఒక వాక్యంలో ఉండాలి, ఆ సబ్జెక్టు తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యే మాటల్లో. వాళ్ల పేపర్లలో ఏది చదివారో, అందులో ఏ భాగం మీ ప్రశ్నకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోయిందో రాయండి. రెండో ప్రొఫెసర్‌కు కూడా రాస్తున్నానని దాచకుండా చెప్పండి. పంపేముందు మీ ప్రశ్న ఉన్న ఆ ఒక్క వాక్యాన్ని రెండు సబ్జెక్టుల్లోంచి చెరొక స్నేహితుడికి చూపించి, వాళ్లకు ఏం అర్థమైందో అడగండి. ఇద్దరూ ఒకటే చెబితే పంపేయండి. వేర్వేరుగా చెబితే ఆ వాక్యం మళ్లీ రాయండి.